ఫైర్ స్టేషన్ వాళ్ళు మా సెల్లార్లో పెట్టిన క్లాసు: మూకుడు ముందు నిలబడే మనిషిగా నా రివ్యూ

నేను ఇంట్లోనే పిండివంటలు చేసి అమ్ముతాను. రాజమండ్రిలో ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు మాది. జంతికలు, చేగోడీలు, కజ్జికాయలు, సంక్రాంతికైతే అరిసెలు. రోజుకి నాలుగైదు గంటలు కాగే నూనె ముందే ఉంటాను. అందుకే ఈ ఏప్రిల్లో అగ్నిమాపక వారోత్సవాలప్పుడు ఫైర్ స్టేషన్ వాళ్ళు మా సెల్లార్లో చేసిన కార్యక్రమం గురించి రాయాలనిపించింది. మిక్సీ కొంటే రాస్తాం, కొత్త హోటల్లో తింటే రాస్తాం. ఇలాంటిదాని గురించి ఎవరూ రాయరు. ఒక ఉత్తరం ఇస్తే వస్తారనీ, రూపాయి తీసుకోరనీ మాకూ మొన్నటిదాకా తెలీదు.

ముందు నా సంగతి చెప్పాలి. మూడేళ్ళ కిందట సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, ఆర్డర్లు మీద పడి ఉన్నాయి. మూకుడు పొయ్యి మీద ఉండగా ఫోనొచ్చి హాల్లోకి వెళ్ళాను. రెండు నిమిషాలే అనుకున్నాను. నూనె పొగలు కక్కి అంటుకుంది. సాయానికొచ్చే అమ్మాయి కంగారులో మగ్గుతో నీళ్ళు కొట్టింది. మంట సీలింగు దాకా లేచింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. నా కుడి మోచేతి కింద అంతా కాలింది. మా అత్తగారు పరుగున వచ్చి పేస్టు రాశారు, పక్కింటావిడ ఇడ్లీ పిండి తెచ్చింది. పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. డాక్టరు మొదటి రోజంతా ఆ పేస్టు తియ్యడానికే కష్టపడ్డాడు. వరండాలో మంటలార్పే ఎర్ర సిలిండరు తగిలించే ఉంది ఆ రోజు కూడా. ఎవరికీ అది వాడటం రాదు. తరవాత చూస్తే లోపలి ఒత్తిడి చూపించే దాని ముల్లు ఎప్పుడో ఎరుపులోకి పోయి ఉంది. ఆ అమ్మాయిని నేను ఒక్క మాట అనలేదు. నీళ్ళు పొయ్యకూడదని నాకు మాత్రం ఎవరు చెప్పారు?

ఈ ఏడాది జనవరిలో అసోసియేషన్ మీటింగులో ఈ మాట నేనే ఎత్తాను. మూడో అంతస్తు మాస్టారు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసిచ్చారు, మా వారు వెళ్ళి స్టేషన్లో ఇచ్చొచ్చారు. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా వారోత్సవాలు, అప్పుడు మీ దగ్గరికీ వస్తామన్నారు. మా వంతు 17న పడింది. వాళ్ళు మమ్మల్ని అడిగిందల్లా ఖాళీ జాగా, రెండు బకెట్ల నీళ్ళు, నాలుగు గోనెసంచులు. ఇంకో మాట అడిగారు, అది నాకు చాలా నచ్చింది: "వంట చేసేవాళ్ళందరూ కిందికి రావాలండి, మగవాళ్ళొచ్చి సంతకాలు పెట్టి పోవడం కాదు."

సాయంత్రం నాలుగింటికి ఐదుగురు వచ్చారు. ఒక ఆఫీసరు, నలుగురు సిబ్బంది. బండి గేటు బయటే ఆగిపోయింది, లోపలికి రాలేదు. ఎందుకంటే గేటు దగ్గర రెండు కార్లు అడ్డం. ఆఫీసరు మైకు తీసుకుని మొట్టమొదట చెప్పింది అదే. "నిజంగా మంటొచ్చిన రోజున కూడా మేం ఇక్కడే ఆగుతామండి." ఆ రెండు కార్ల వాళ్ళూ అక్కడే ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. వెళ్ళి తీసేశారు.

ఏప్రిల్ 14నే ఎందుకు చేస్తారని మా ఎదురు ఫ్లాటు పిల్లాడు అడిగాడు. 1944లో అదే రోజున బొంబాయి విక్టోరియా డాక్‌లో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడలో మంటలొచ్చాయట. అందులో పత్తి బేళ్ళూ ఉన్నాయి, పేలుడు సామగ్రీ ఉంది. ఆర్పడానికెళ్ళిన ఫైర్ సిబ్బందిలో 66 మంది ఆ పేలుళ్ళలో పోయారు. వాళ్ళ జ్ఞాపకంగా ఈ వారం. ఈ మాట చెబుతున్నప్పుడు ఆఫీసరు గొంతు మారింది. మా ఇళ్ళలో ఎవరికీ తెలియని ఈ కథ వాళ్ళకి ఇంటి మనుషుల కథ.

తరవాత గ్యాసు సిలిండరు. పద్నాలుగు కిలోల చిల్లర ఉండే మామూలు ఎర్రబండే. దాన్ని ఆరుబయట పెట్టి, గ్యాసు కొద్దిగా వదిలి అంటించారు. బుస్సుమని మంట లేచింది, ఆడవాళ్ళందరం నాలుగడుగులు వెనక్కి. ఒకతను తాపీగా గోనెసంచి నీళ్ళలో ముంచి, పిండకుండా, రెండు చేతులతో తనకి అడ్డంగా పట్టుకుని, మంట మీద కప్పి, దాని మీదుగానే చేత్తో నాబ్ కట్టేశాడు. మూడు సెకన్లు పట్టి ఉంటుంది. అక్కడ ఆఫీసరు చెప్పింది నేను వెంటనే రాసుకున్నాను: మంట ఆరగానే సంబరపడకండి, గ్యాసు ఇంకా వస్తుంటే అది మంట కంటే ప్రమాదం, కట్టేస్తేనే పని పూర్తయినట్టు. చెయ్యి అందనంత పెద్ద మంటైతే మీరు వీరులు కానక్కర్లేదు, తలుపు దగ్గరికేసి బయటికొచ్చి 101కి గానీ 112కి గానీ కొట్టండి అన్నారు.

మంట లేకుండా వాసన మాత్రమే వస్తే ఏం చెయ్యాలో కూడా చేసి చూపించారు. ఇక్కడ మా అందరికీ ఉన్న అలవాటు తప్పని తేలింది. వాసన రాగానే మేమంతా ఎగ్జాస్ట్ ఫ్యాను వేస్తాం. అది వెయ్యకూడదు. లైటు వెయ్యకూడదు, వెలుగుతున్నది ఆర్పకూడదు కూడా, స్విచ్చిలో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. వంటగ్యాసు గాలి కంటే బరువు. నేల మీద పరుచుకుని ఉంటుంది, పైనున్న ఫ్యాను దాన్ని లాగలేదు. రెగ్యులేటరు తీసి, దారానికి వేలాడే ఆ తెల్ల మూత బిగించి, తలుపులూ కిటికీలూ బార్లా తీసి, బయటికొచ్చి 1906కి ఫోను చెయ్యాలి. ఆ మూత మా ఇంట్లో ఎక్కడుందో నాకు తెలీదు. ఆ రాత్రి వెతికితే చింతపండు డబ్బాలో దొరికింది.

ఇక ఆర్పే ఎర్ర సిలిండరు. ఇనుప తట్టలో డీజిలు పోసి అంటించి, ఒక్కొక్కరినీ రమ్మన్నారు. మొదట మాస్టారు వెళ్ళారు. పిన్ను లాగకుండా నొక్కారు, రాలేదు. రెండోసారి మంట పైన గురిపెట్టారు, పొడి అంతా గాలికి పోయింది, మంట అలాగే ఉంది. "నాలుక మీద కాదు మాస్టారూ, కాళ్ళ మీద కొట్టండి," అన్నాడు సిబ్బందిలో ఒక కుర్రాడు. మంట అడుగున అన్నమాట. రెండోదాన్ని నేను వెళ్ళాను. వేడి తగలగానే నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది. మూడేళ్ళయినా ఆ చెయ్యి మరిచిపోలేదు. ఆ కుర్రాడు నా వెనకాల నిలబడి, "గాలి మీ వీపు వైపు ఉండాలమ్మా, ఇటు తిరగండి, తొందరేం లేదు," అంటూ ఉన్నాడు. పిన్ను లాగాను, అడుగుకి గురిపెట్టాను, నొక్కాను, ఇల్లు ఊడ్చినట్టు అటూ ఇటూ ఊపాను. ఆరింది. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, పొడి పడిందనుకున్నారు అందరూ.

మూడోది మా వాచ్‌మన్ భార్య. ఆవిడ అసలు జనంలోకి రాలేదు, పంపు దగ్గర చంటిదాన్నెత్తుకుని నిలబడి చూస్తోంది. ఆఫీసరే పిలిచారు. పిల్లని నాకిచ్చి వెళ్ళింది. ఒక్క దెబ్బకి ఆర్పేసింది. మా అందరిలోకీ ఆవిడే బాగా చేసింది. ఎలాగమ్మా అంటే, "మా ఊళ్ళో పాకలంటుకుంటే మేమే ఆర్పుకుంటామండి, మంటని కింద నుంచే కొట్టాలి," అంది.

ఆ మాటతో నాకు మా అమ్మమ్మగారి ఊరు గుర్తొచ్చింది. కోనసీమలో తాటాకిళ్ళ వరస. ఎండాకాలం వడగాలి రోజుల్లో మధ్యాహ్నం పొయ్యి వెలిగించనిచ్చేది కాదు అమ్మమ్మ. వంట తెల్లారేసరికే అయిపోవాలి, పొయ్యిలో నీళ్ళు చల్లి, బూడిద చేత్తో తడిమి చూసి మరీ లేచేది. వీధిలో ఎక్కడ పొగ లేచినా మగవాళ్ళు తడి గోనెలతో పక్కిళ్ళ కప్పులెక్కేవాళ్ళు. అంటుకున్న ఇల్లు ఎలాగూ పోతుంది, పక్కది దక్కాలి. ఆ జాగ్రత్త స్లాబు ఇళ్ళలోకి వచ్చాక మాకు పోయింది. సిమెంటు కాలదు కదా అనుకున్నాం. కాలేది సోఫా, కర్టెను, పరుపు; చంపేది పొగ. హైదరాబాదులో చార్మినార్ పక్కన గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న ఒకే కుటుంబంలో 17 మంది పోయారు, పిల్లలు కూడా. ఇరుకు దారి ఒక్కటే, పొగ కమ్మేసింది. ఆఫీసరు ఆ సంగతి చెప్పి మా మెట్ల వైపు చూపించారు. చెప్పుల స్టాండ్లు, పాత పేపర్ల కట్టలు, ఎవరిదో విరిగిన ఊయల, ఐదో అంతస్తు వాళ్ళ కొబ్బరికాయల బస్తా. పొగలో ఆ మెట్ల మీద నుంచి వంగి పాక్కుంటూ దిగమని ఇద్దరు పిల్లలకి పని పెట్టారు. కళ్ళకి గంతలు కట్టుకుని దిగుతూ ఒకడు ఊయలకి తగిలి పడ్డాడు. ఆ సాయంత్రమే మెట్లు ఖాళీ అయ్యాయి. ఏళ్ళ తరబడి సర్క్యులర్లు అంటించినా కానిది.

ఈ సేవలో అన్నిటికంటే విలువైన భాగం ఇప్పుడు చెప్తాను. చాలామంది క్లాసవగానే వెళ్ళిపోయారు కాబట్టి వాళ్ళకి తెలీదు. కావాలంటే నాలుగైదు వంటిళ్ళు చూస్తామన్నారు. మొదట మాదే. ఇద్దరొచ్చారు. ఆరెంజి రంగు సురక్ష గ్యాసు పైపు తిప్పి దాని మీద అచ్చేసిన సంవత్సరం చూపించారు. ఐదేళ్ళకోసారి మార్చాలి, నాది ఎనిమిదేళ్ళది. పొయ్యి దగ్గర వంపు తిరిగే చోట గోరంత బీటలు. సిలిండరు పట్టుకునే పైన ఇనప పట్టీల లోపలి వైపు ఒక అక్షరం, రెండంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి, డి అలాగే. డి-27 అంటే 2027 ఆఖరి మూడు నెలల్లో దానికి పరీక్ష చేయించాలి. గడువు దాటిన బండ తెస్తే తీసుకోకండి అన్నారు. ముప్ఫై ఏళ్ళుగా బండలు దించుకుంటున్నాను, ఆ అంకె ఎందుకో ఇప్పుడు తెలిసింది. నా పిండివంటల పొయ్యికి పెట్టే పంతొమ్మిది కిలోల బండ మూలకి ఉంది, దాని పక్కనే నూనె డబ్బాలు. అవి అక్కడి నుంచి తీయించారు. దేవుడి గూట్లో దీపానికీ పక్క కిటికీ కర్టెనుకీ మధ్య జానెడు కూడా లేదు. మా అత్తగారిని నొప్పించకుండా, "దీపం ఇక్కడే ఉండనివ్వండి పెద్దమ్మగారూ, కర్టెను తీసేద్దాం," అన్నారు. ఆవిడే స్వయంగా తీసిచ్చారు. పేస్టు సంగతి కూడా ఆవిడకే చెప్పారు: కాలిన చోట పంపు కింద మామూలు నీళ్ళు ఇరవై నిమిషాలు, అంతే, పేస్టు వద్దు, ఐసు వద్దు, సిరా వద్దు, పిండి వద్దు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు ఆ రాత్రి.

వెళ్ళబోతూ ఆ కుర్రాడు వాచ్‌మన్ గది కూడా చూద్దామన్నాడు. సెల్లార్లో మెట్ల కింద గది. కిటికీ లేదు. ఐదు కిలోల చిన్న బండ, దాని మీదే పొయ్యి. గోడకి అవతలి వైపు కాదు, అదే గోడకి, బండకి మూరెడు ఎత్తులో, ఇరవై నాలుగు ఫ్లాట్ల మీటర్ల బోర్డు. దాని పక్కన కింది ఫ్లాటు వాళ్ళ ఎలక్ట్రిక్ స్కూటరుకి రాత్రంతా చార్జింగు పెట్టే ఎక్స్‌టెన్షన్ వైరు. గ్యాసు కిందే పరుచుకుంటుందని గంట క్రితమే విన్నాం. సెల్లారు కంటే కింద ఇంకేముంటుంది? మా మాస్టారు తల పట్టుకున్నారు. పదకొండేళ్ళుగా అందరం ఆ గది ముందు నుంచే బండ్లు తీసుకుని వెళ్తున్నాం. వారంలోగా ఆ కుటుంబానికి వెనక ఖాళీ జాగాలో రేకుల షెడ్డు కింద వంటగట్టు కట్టించాం, స్కూటరు చార్జింగుకి బయట గోడ మీద వేరే పాయింటు, దానికో ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే కట్టయ్యే స్విచ్చి) వేయించాం. ఈ ఒక్కటి జరిగినందుకు వాళ్ళకి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు.

లోటుపాట్లు కూడా చెప్పాలి, చెబితేనే వచ్చే ఏడాది బాగుపడుతుంది. సాయంత్రం నాలుగింటికి పెట్టడం వల్ల ఉద్యోగాలు చేసే ఆడవాళ్ళు ఒక్కరూ లేరు. ఆదివారం పొద్దున అయితే ఇంటిల్లిపాదీ ఉంటారు. మైకు గరగరలాడింది, వెనక కూర్చున్న ముసలివాళ్ళకి సగం వినపడలేదు. పంచిన కాగితంలో అక్షరాలు చీమల్లా ఉన్నాయి, భాష ఆఫీసు భాష: "దహనశీల పదార్థములను నివాస ప్రాంగణములందు నిలువ చేయరాదు" అంటే మా పనిమనిషికేం అర్థమవుతుంది? "నూనె డబ్బాలు పొయ్యి దగ్గర పెట్టకండి" అంటే సరిపోయేది. మంచం దిగలేని పెద్దవాళ్ళున్న ఇళ్ళు ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు, మా అంతస్తులోనే అలాంటి వాళ్ళు ఇద్దరున్నారు. బాల్కనీ గ్రిల్లులకి తాళాలేసుకుంటాం, తాళంచెవి ఎక్కడుండాలన్నది నేను అడిగితే చెప్పారు: గ్రిల్లు పక్కనే, చిన్నపిల్లలకీ తెలిసేలా మేకుకి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది, కాగే నూనె సంగతి వాళ్ళంతట వాళ్ళు ఎత్తకపోవడం. సిలిండరు, డీజిలు తట్ట, ఇవే చూపిస్తారు. ఇళ్ళలో రోజూ కళ్ళెదురుగా ఉండేది మూకుడు. నేను చెయ్యెత్తి అడిగాక ఆఫీసరు చాలా బాగా చెప్పారు, అది కాదనను. పొయ్యి కట్టెయ్యాలి. మూతని పైనుంచి పడెయ్యకుండా పక్క నుంచి మంట మీదకి జరపాలి. చల్లారే దాకా, అరగంటైనా సరే, మూత ఎత్తి చూడకూడదు. గాలి తగిలితే మళ్ళీ అంటుకుంటుంది. మూకుడు పట్టుకుని సింకు వైపు పరుగెత్తకూడదు. నీళ్ళు నూనె కంటే బరువు గనక అడుక్కి పోయి, ఆ వేడికి ఒక్కసారిగా ఆవిరై, పదిహేడు వందల రెట్లు ఉబ్బి నూనెనంతా పైకి చిమ్ముతాయి. నా వంటింట్లో ఆ రోజు జరిగింది ఇదే. పొడి సిలిండరు కూడా దగ్గర నుంచి కొడితే నూనె చిందుతుంది, అందుకని మొదట మూతే. ఇదంతా నోటిమాటగా విన్నాం. చేత్తో చెయ్యలేదు. నోటిమాటకీ చేతికీ ఎంత తేడానో డీజిలు తట్ట ముందు నిలబడ్డప్పుడు నాకు తెలిసింది.

ఒక హెచ్చరిక. క్లాసయిన పది రోజులకి మెళ్ళో కార్డులేసుకున్న ఇద్దరు కుర్రాళ్ళు ఇల్లిల్లూ తిరిగారు. ఫైరు వాళ్ళు పంపారు, గ్యాసు కంపెనీ తరఫున తనిఖీ, ఈ సేఫ్టీ పరికరం పెట్టకపోతే కనెక్షను రద్దు అన్నారు. పై ఫ్లాటావిడ మూడు వేలు ఇచ్చేసింది. ఏజెన్సీకి ఫోను చేస్తే మేమెవర్నీ పంపలేదన్నారు. ఫైరు వాళ్ళు మా దగ్గర ఏమీ అమ్మలేదు, ఏ కంపెనీ పేరూ చెప్పలేదు. ఐఎస్ఐ గుర్తు చూసుకోండి, ముల్లు పచ్చలో ఉందో లేదో నెలకోసారి చూసుకోండి, అంతే అన్నారు.

నేను కొన్నవి: కొత్త పైపు, మంటలార్పే నాలుగు కిలోల ఏబీసీ రకం (కట్టె, డీజిలు, గ్యాసు మంటలకి పనికొచ్చే పొడి ఉండేది) సిలిండరు ఒకటి. దాన్ని వంటింట్లో కాకుండా గుమ్మం పక్కన తగిలించాను, పొయ్యి దగ్గరే ఉంటే మంట దాటి వెళ్ళి తెచ్చుకోవాల్సొస్తుంది. అది పావు నిమిషం, మహా అయితే ఇరవై సెకన్లు వస్తుందట, కాబట్టి నా వెనక ఎప్పుడూ తలుపు ఉండాలి. మూకుడికి సరిపోయే బరువైన ఇనప మూత చేయించాను, నూనె పెట్టక ముందే అది పొయ్యి పక్కకి వస్తుంది. నైలాను చీరలు వంటింట్లో మానేశాను. డల్లాసులో మా అమ్మాయి ఇంట్లో పోపు పెట్టగానే కూసే పొగ అలారానికి బ్యాటరీ పీకేసేదాన్ని నేను వెళ్ళినప్పుడల్లా. ఫోను చేసి తిరిగి పెట్టించాను. అక్కడ రెడ్ క్రాస్ వాళ్ళు 2014 నుంచీ వాలంటీర్లతో ఇళ్ళకొచ్చి ఆ అలారాలు ఉచితంగా బిగిస్తున్నారని అది చెప్పింది. మన దగ్గర ఇళ్ళలో అవి కనపడవు. మా మాస్టారు రెండు తెప్పించి మంచం పట్టిన వాళ్ళమ్మగారి గదిలో ఒకటీ హాల్లో ఒకటీ పెట్టుకున్నారు.

ఐదింటికి నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ మూకుడిది. మీ అపార్ట్‌మెంటుకి గానీ వీధికి గానీ కావాలంటే ఏప్రిల్ దాకా ఆగక్కర్లేదు. అసోసియేషన్ లేకపోతే పదిమంది సంతకాలు పెట్టి దగ్గరి స్టేషన్లో ఇవ్వండి, మా పక్క వీధి వాళ్ళు అలాగే ఇచ్చారు. వాచ్‌మన్ గది చూడమని మాత్రం మీరే అడగండి.

మేం మళ్ళీ ఉత్తరం ఇచ్చాం, దసరా ముందు ఆదివారానికి. పిండివంటలూ టపాకాయలూ మొదలయ్యే రోజులు. ఈసారి నూనె అంటించి చూపించమని రాశాం. మూకుడు ఎవరిస్తారని స్టేషన్ నుంచి ఫోను వచ్చింది. నాదే తెస్తానన్నాను, ఆనాటి నల్లటి మచ్చ ఇంకా ఉన్నదే. మా సాయానికొచ్చే అమ్మాయి మూత తనే వేస్తానంది.